ఎముక లేని చెయ్యి

ముందే మనవి చేస్తున్నా, కోవాటి అన్నది అచ్చుతప్పు కాదు. కోతికీ దీనికీ చుట్టరికం లేదు, చేసే పని మాత్రం ఒకటే. రకూన్‌ల వంశం. పిల్లి కంటే కాస్త పెద్ద ఒళ్ళు, ఎటు కావాలంటే అటు తిరిగే పొడుగు ముక్కు, చారల తోక. నడుస్తుంటే ఆ తోక ఊరేగింపులో జెండా కర్రలా నిట్టనిలువుగా ఉంటుంది. అర్జెంటీనా, బ్రెజిల్ సరిహద్దులో ఇగువాసు జలపాతం చూడ్డానికి వెళ్ళినవాళ్ళకి మొదటి దర్శనం చాలాసార్లు దీనిదే. 275 పాయలుగా దూకే నీళ్ళు అక్కడే ఉంటాయి, ఎక్కడికీ పోవు. చేతిలో ఉన్న శాండ్‌విచ్ అలా కాదు కదా.

అడవిలో దీనిది కూలి బతుకు. ముక్కుతో ఆకుల చెత్త తిరగేసి, గోళ్ళతో మట్టి తవ్వితే ఓ పురుగో, సాలీడో. చెట్టెక్కితే నాలుగు పళ్ళు. చీలమండలు వెనక్కి తిరుగుతాయి కాబట్టి తలకిందులుగా చకచకా దిగేస్తుంది. ఇంత చాకిరీకి పొట్ట ఏదో గడుస్తుంది. ఈలోగా మనిషి వచ్చాడు, చిప్స్ పొట్లం విప్పాడు. పురుగు కోసం మట్టి తవ్విన గోళ్ళే బ్యాగు జిప్పు మీద పడ్డాయి. దాన్ని దొంగ అంటున్నారు. ఆ అడవిని 1934లో అర్జెంటీనా, 1939లో బ్రెజిల్ జాతీయ పార్కులు చేశాయి. జంతువుల పేర రాసిన స్థలంలో క్యాంటీన్ పెట్టి, స్థలం సొంతదారు వచ్చి బల్లెక్కితే కేకలేస్తున్నది ఎవరో మరి.

ఆడవీ పిల్లలూ గుంపుగా వస్తాయి. మగది జత కట్టే కాలంలో తప్ప ఒంటరిగానే తిరుగుతుంది. పూర్వం శాస్త్రజ్ఞులు ఆ ఒంటరి మగవాణ్ణి చూసి ఇదేదో వేరే జాతి అనుకున్నారట! (ఇంట్లో స్థానం లేని మగవాడు ఎక్కడైనా వేరే జాతిలాగే కనిపిస్తాడు.) గుంపు బల్ల చుట్టూ మూగగానే ఎవరో ఒకరు "అయ్యో, ఎంత ముద్దుగా ఉందో" అని బిస్కెట్టు అందిస్తారు. తల్లి అందుకుంటుంది, పిల్లలు చూస్తాయి. పాఠం ఒక్కసారికే వచ్చేస్తుంది. శ్రీశైలం ఘాట్‌రోడ్డు మీద కారాపి కోతులకి అరటిపళ్ళు విసిరే మనకి కనీసం పుణ్యం లెక్క ఒకటుంది. అక్కడ వీడియో లెక్కే.

దానం చేసేవాడి చేతికి ఎముక లేదంటాం. ఇగువాసులో ఎముక ఉందో లేదో కోవాటి స్వయంగా పరీక్షించి చెబుతుంది. బిస్కెట్టెక్కడ అయిందో, వేలెక్కడ మొదలైందో దానికి పట్టింపు లేదు. రెండో బిస్కెట్టు ఆలస్యమైతే అసలే పట్టింపు లేదు. ఆ పళ్ళు చిన్నవి కావు. పైగా రేబిస్ భయం, కాబట్టి జలపాతం మధ్యలో వదిలేసి సూది కోసం పరుగు.

అధికారులు ఊరుకోలేదు, బోర్డులు పెట్టారు. వాటి మీద కోవాటి కరిచిన చెయ్యి ఫొటో, నెత్తురుతో సహా. ఏ భాషా రానివాడికి కూడా అర్థమయ్యే బోర్డు అది. తిండి పెట్టకండి, ముట్టుకోకండి అని పక్కనే రాసి కూడా ఉంటుంది. జనం దాన్ని శ్రద్ధగా చూస్తారు. కొందరైతే దానితో ఫొటో కూడా దిగుతారు. అలాంటి ఓ పెద్దమనిషి: మెడలో కెమెరా, నెత్తిన టోపీ, పక్కన భార్య. బోర్డూ, భార్యా, వెనకాల నీటి తుంపరా అన్నీ ఒకే ఫొటోలో పట్టాలంటే ఫోను రెండు చేతులా పట్టుకోవాలి మరి. అందుకని ఆ పెద్దమనిషి చిప్స్ పొట్లాన్ని కాసేపు కాళ్ళ దగ్గర పెట్టాడు.