స్పర్శ నెరుగని కన్ను

నన్ను ఈ ప్రాంతమువారు ట్యాబు అందురు. బత్తలపల్లె మండలమున ఒక గ్రామారోగ్యకేంద్రములో, బీపీ మిషను ప్రక్కన, మందుల డబ్బాల కానించి నన్ను నిలుపుదురు. 2019 నవంబరులో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన ఈ-సంజీవనికి నేనొక చిన్న గవాక్షమును: ఇవతల రోగియు సిస్టరమ్మయు, అవతల దూరపు పట్టణమున డాక్టరుగారు. నాకు కన్ను కలదు, చెవి కలదు; చేయి లేదు. ఆ లోటెంతటిదో నొప్పితో వచ్చినవారి యెదుటనే నాకు తెలిసినది.

ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానతో బ్రదుకునీడ్చు ఈ మెట్టసీమలో, గట్టిపడిన నేలనుండి చెనక్కాయ చెట్లు పెరికి పెరికి వంగిన నడుములును, ధర్మవరము మగ్గపు గుంతలలో ప్రొద్దస్తమానము కూర్చుండి బిగిసిన మెడలును నా ముందునకు వచ్చును. జ్వరమునకు అంకె కలదు, రక్తపుపోటునకు అంకె కలదు. నొప్పికట్టి అంకె లేదు.

మొదటి దినములలో నన్ను బల్లపై నుంచుటచే రోగి ముఖముమాత్రమే నాకు కనబడెడిది. ఒకనాడు చెనక్కాయ కూలికి పోవు అవ్వ యొకతె వచ్చి కూర్చుండెను. పరాయివారి యెదుట నొప్పిని ముఖమున కననీయని తరమామెది. నేను చూపినదా ముఖమునే. ఆ ముఖమునకు తగిన మాత్రలే వ్రాయబడినవి. ఆ దోషము నాదేయని నేటికిని తలంతును.

రెండువారములకు ఆమె మరల వచ్చినప్పుడు సిస్టరమ్మ ఆమె కాలివైపు చూచి నిలిచిపోయినది. "అవ్వా, ఎడమకాలి చెప్పేదీ?"

"యాడో జారిపోయిందే పాపా. పోయేది గూడా తెలీల్యా."

డాక్టరుగారు ఈ మాట వినినంతనే నన్ను క్రిందికి దింపించి, ముక్కాలిపీటపై నిలిపించి, వెలుతురు నా వెనుకనుండి ఆమెపై పడునట్లు తలుపు తెరిపించిరి. నొప్పియెక్కడనో ఒక్క వ్రేలితో చూపుమనగా, ఆమె చేయి నడుమునుండి తొడవెంబడి బొటనవ్రేలిదాక గీతగీసినట్లు సాగెను. మునివ్రేళ్లపై లేవగలిగినది గాని, మడమలపై నడువుమన్నప్పుడు ఎడమపాదము పైకి లేవలేదు. సిమెంటు నేలపై వ్రేళ్లు రాచుకొను ఆ సన్నని చప్పుడును నేను వింటిని. పిమ్మట ఆమెను పరుండబెట్టి, మోకాలు వంచనీయక సిస్టరమ్మ కాలిని మెల్లమెల్లగా పైకెత్తుచుండగా, సగముకూడ లేవకమునుపే అవ్వ మంచపుపట్టె గట్టిగా పట్టుకొనెను. దూదితో పాదముపై తాకిన చోటెల్ల తెలియుచున్నదా యని అడిగిరి. తాకినది సిస్టరమ్మ చేయి, అడిగినది డాక్టరుగారి బుద్ధి; ఆ రెంటిని నేను కలిపితిని.

అటుపై, మూత్రము బిగిసినదా, కూర్చుండుచోట మొద్దుబారినదా యను ప్రశ్నలు మిగిలినవి. అవి అడుగుటకు ముందు సిస్టరమ్మ నా కన్నును గోడవైపునకు త్రిప్పినది. ఆ మర్యాద నాకెంతయో నచ్చినది. రెండవదానికి అవ్వ "అవును" అన్నది. ఇక నాతో పనిలేదని, చేతులతో చూచువారియొద్దకు నేడే పంపవలెనని డాక్టరుగారు నిశ్చయించిరి. 1969లో అనంతపురమునకు వచ్చిన విన్సెంట్ ఫెర్రర్‌గారి సంస్థ నడుపు ఆసుపత్రి బత్తలపల్లెలోనే యుండుట ఈ సీమ భాగ్యము. ఆమెను అచటికే పంపిరి.

2020 మార్చి 25నాటి టెలిమెడిసిన్ నియమావళికూడ, స్వయముగా చూడవలసిన రోగిని అట్లే చూడవలెనని చెప్పుచున్నది. మార్ఫిన్ వంటి మాదకౌషధములను నా ద్వారా వ్రాయరాదనియు అందు కలదు. రాచపుండు బాధతో మూల్గుచు ఒకరు నా యెదుట నున్నప్పుడు ఆ నిషేధము నన్ను కలచివేసినది. కాని తాకి చూడని బాధకు అంతటి మందీయకుండుట న్యాయమేయని నమ్ముదును.

ఇప్పుడు నేలపై నా పీటకొక సుద్దగుర్తు, రోగి నడచుట కొక గీత కలవు. నన్ను తెరువకమునుపే సిస్టరమ్మ వాకిట విడిచిన చెప్పులను చేతికి తీసికొని, ఏ చెప్పు ముందుకొన అరిగినదో చూచుచుండును.