పేరు కుదించకండి, పెంచండి

విదేశీ జర్నళ్లకు పరిశోధన పత్రాలు పంపే మన పిల్లలకు గైడ్లు చెప్పే మొదటి మాట: "ఇంటిపేరు వదిలెయ్, చిన్న పేరు పెట్టుకో, ఇక దాన్ని మార్చకు." నేను చెప్పేది దీనికి పూర్తిగా తలకిందులు. ఇంటిపేరు పొల్లు పోకుండా రాయండి. ఫారం గడిలో పట్టకపోతే ఎడిటర్‌తో పోట్లాడండి.

గణాంకవేత్త సి.ఆర్. రావు గారినే చూడండి. ఇంటిపేరు కల్యంపూడి, పేరు రాధాకృష్ణ రావు. సూచీలకెక్కేసరికి ఆయన "రావు సి ఆర్" అయ్యారు. పేరు చివరి ముక్క ఇంటిపేరై ముందు కూర్చుంది, అసలు ఇంటిపేరు ఒక్క అక్షరమై వెనక్కి పోయింది. ఆయనంతటివారిని ఎలాగైనా పోల్చుకుంటారు. వైద్య పత్రాల సూచీ పబ్‌మెడ్‌లో మాత్రం 2002కు ముందు పత్రాలకు రచయిత చివరి పేరు, ఒకటో రెండో ఇనిషియల్సే. "రావు కె" అన్న ఆ గుంపులో పేరు లేని పరిశోధకురాలిని ఎవరు వెతుకుతారు?

స్పెల్లింగ్ గురించి బెంగ వద్దు. 1918లో అమెరికాలో పేటెంటు పొందిన, పలుకుబడిని బట్టి పేర్లు పోల్చే సౌండెక్స్ పద్ధతి మొదటి అక్షరం ఉంచుకుని, అచ్చులు, హెచ్, డబ్ల్యూ, వై వదిలేసి, మిగతా హల్లులకు అంకెలు వేస్తుంది. లక్ష్మిని కెఎస్‌హెచ్‌తో రాసినా ఎక్స్‌తో రాసినా ఎల్250 వస్తుంది. రావు, రాయ్, రే ముగ్గురికీ ఆర్000! పొట్టి పేరును ఏ లెక్కా ఆదుకోలేదు. మొదటి అక్షరం జోలికి మాత్రం పోకండి: కల్యంపూడిని సితో మొదలుపెడితే సి451, కెతో అయితే కె451. ఇక ఆ రెండూ కలవవు.

డేటాబేస్ నడిపేవాళ్లకు ఒక మాట. డూప్లికేట్లు కనిపించగానే కలిపెయ్యకండి, ఉండనివ్వండి. ఒక మనిషి రెండు రికార్డుల్లో ఉంటే రేపైనా కలపొచ్చు. ఇద్దరిని ఒకరిని చేసేస్తే, ఏ పత్రం ఎవరిదో విడదీసేలోగా ఒకరి ఉద్యోగం ఇంకొకరి ఖాతాలోకి పోతుంది. 1969లో ఫెలెగి, సంటర్ రాసిన రికార్డులు జతపరిచే పద్ధతిలోనూ మూడు గుట్టలున్నాయి: ఒకరే, వేరువేరు, మనిషి చూసి తేల్చాల్సినవి. ఈ మూడో గుట్టను తగ్గించడమే గొప్పనుకుంటారంతా. పెంచండంటాను నేను. దాని ముందు తెలుగు పేర్ల పద్ధతి తెలిసినవాళ్లను కూర్చోబెట్టి జీతమివ్వండి.

పరిశోధకులను గుర్తించే ఆర్కిడ్ నంబరు 2012 నుంచి ఇస్తున్నారు, 16 స్థానాలు. తీసుకోండి, కానీ అది ఉంది కదా అని పేరు కుదించకండి. జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు 1948లోనే పోయారు. 1925లో ఫిస్క్‌తో కలిసి రాసిన ఫాస్ఫరస్ పత్రం మీద ఆయన పేరే తప్ప నంబరు ఉండదు. మీ లైబ్రరీ కేటలాగులో ఆయన ఉత్త "సుబ్బారావు వై"గా కనిపిస్తే, యల్లాప్రగడ చేర్చేదాకా అక్కణ్ణుంచి కదలకండి.