దీవి దొరికితే కొంప మునుగుతుంది

ఎన్నికలు దగ్గరపడగానే చెన్నైలో ఒక దీవి నీళ్ళలోంచి పైకి తేలుతుంది. ఓట్లు లెక్కపెట్టేసరికి మళ్ళీ మునిగిపోతుంది. దాని పేరు కచ్చతీవు. రామేశ్వరానికి 14 నాటికల్ మైళ్ళ దూరం, 285 ఎకరాల విస్తీర్ణం. తాగడానికి నీళ్ళుండవు, మనుషులుండరు. ఉన్నదల్లా ఒక సెయింట్ ఆంథోనీ చర్చి. ఓటరన్నవాడే లేని చోటికి ఇంత గిరాకీ ఇంకెక్కడా చూడం.

1974 జూన్‌లో ఇందిరా గాంధీ, సిరిమావో బండారనాయకే సంతకాలతో దీవి శ్రీలంక వైపు పడింది. మన జాలర్లూ భక్తులూ వీసా లేకుండా వెళ్ళిరావచ్చని ఒప్పందంలోనే రాసుకున్నారు. ఒకరి జలాల్లో ఒకరు చేపలు పట్టకూడదని 1976లో ఉత్తరాలు మార్చుకున్నారు. అంటే జాలరి వెళ్ళొచ్చు, దండం పెట్టుకోవచ్చు, చేప కనిపిస్తే మాత్రం కళ్ళు మూసుకోవాలి. దౌత్యం ఇంత సున్నితంగా ఉంటుంది మరి!

ఇక దీవి గురించి తమిళనాడు శాసనసభ చేసిన తీర్మానాలు. 1974లో కరుణానిధి హయాంలో ఒకటి, 1991లో జయలలిత హయాంలో ఒకటి, 2025 ఏప్రిల్ 2న స్టాలిన్ హయాంలో ఇంకొకటి. ఢిల్లీ ఏమీ తీసిపోలేదు. దీవి తిరిగి కావాలంటే యుద్ధం చేయాలని 2014లో అటార్నీ జనరల్ సుప్రీంకోర్టులో చెప్పారు. అక్కడ సరిహద్దే ఎప్పుడూ గీయలేదు కాబట్టి ఇచ్చిందీ లేదు, పుచ్చుకున్నదీ లేదని 2015లో విదేశాంగ శాఖ తేల్చింది. 2024 మార్చి 31న అదే ప్రభుత్వాధినేత మోదీ గారు, దీవిని కాంగ్రెస్ అప్పనంగా ఇచ్చేసిందని మండిపడ్డారు. తమిళనాడులో పోలింగ్ ఏప్రిల్ 19న. ఇవ్వనిదాన్ని ఎలా ఇచ్చేశారని అడిగే తీరిక ఎవరికుంది?

చెన్నైలో ఉంటున్న తెలుగువాళ్ళకు సరిహద్దు తగాదాలు కొత్త కావు. ‘మద్రాసు మనదే’ అని గొంతులు పోయేలా అరిచి, ఊరు వదులుకున్న జాతి మనది. అయినా పటాస్కర్ గారు మధ్యవర్తిగా కూర్చుని తీర్పు చెబితే, 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి అటు పోయింది, సత్యవేడు ఇటు వచ్చింది. ఆ రోజుల్లో నాయకులకు తగాదా తీర్చుకునే దుర్గుణం ఉండేది.

ఇంతకీ చేపలు దీవి దగ్గర లేవు. మన ట్రాలర్లు దాన్ని దాటి జాఫ్నా ఒడ్డు దాకా పోతున్నాయి. సముద్రం అడుగు ఊడ్చే వాటి వలలను శ్రీలంక 2017లో నిషేధించింది. అక్కడ వలలు తెగి ఏడ్చేదీ తమిళ జాలరే, ఇక్కణ్ణుంచి పోయి జైలుపాలై ఏడ్చేదీ తమిళ జాలరే. రేపు దీవి చేతికొచ్చినా ఈ లెక్క మారదు. పైగా సభల్లో చెప్పడానికి మాటుండదు, అసలు నష్టం అది.

ట్రాలర్లు మాన్పించి లోతు సముద్రానికి పడవలిస్తామని 2017లోనే ఒక పథకం పెట్టారు. 2,000 పడవలు మార్చాలన్నది లక్ష్యం, దాని దరిదాపులకైనా చేరలేదు. ఓట్లడగడానికి వచ్చినవాణ్ణి ఆ పడవలేమయ్యాయని అడగండి. దీవి సంగతి మీరు అడక్కపోయినా అతనే చెబుతాడు.