ఆల్టో బీమా పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: మంగళగిరిలో మా మామగారికి 2011 మోడల్ ఆల్టో ఉంది. శుక్రవారంతో పాలసీ గడువు తీరుతుందనగా ఫుల్ ఇన్సూరెన్సా, థర్డ్ పార్టీయా అని ఇంటిల్లిపాదీ తర్జనభర్జన పడుతుంటే, మా బావమరిది కరెంటు బిల్లు వెనక ఈ ఆటవెలది గిలికాడు. కవి వాడు, టీకాకర్తను నేను, ప్రీమియం మామగారిది.

పాత కారు కొరకు పదివేలు కట్టుటా
గీత పడ్డ తలుపు కెంత వచ్చు
సగము తరుగుదలకె సరిపోవు నోయన్న
ఒరుల బీమ చాలు నొండు వలదు

ప్రతిపదార్థం: పాత కారు కొరకు = టాపు మీద రంగు వెలిసిన బండి కోసం; పదివేలు = అతిశయోక్తి, ఏజెంటు చెప్పిన ఫుల్ లెక్క అందులో సగమే; కట్టుటా = కట్టడమా! (మామగారు పర్సు తీసినప్పుడల్లా వినిపించే మాటే); గీత పడ్డ తలుపునకు = పక్కింటి స్కూటీ గీకిన ఎడమ డోరుకు; ఎంత వచ్చున్ = ఏపాటి వస్తుంది; ఓయన్న = ఓ అన్నా (పిలిచింది నన్నే); ఒరుల బీమ = థర్డ్ పార్టీ; ఒండు = మరొకటి; వలదు = అక్కర్లేదు.

తాత్పర్యం: బండి ముసలిదైంది, ఎదుటివాళ్ల కోసం చట్టం కట్టమన్నది కట్టి ఊరుకోండి.

విశేషాలు: కవి హృదయమంతా ‘సగము’లో ఉంది. ప్లాస్టిక్, రబ్బరు సామానుకు బండి వయసుతో పనిలేకుండా క్లెయిములో 50 శాతం తరుగుదల కింద కోస్తారు. పదేళ్లు దాటితే ఇనప భాగాలకూ అంతే. అద్దాలొక్కటే ఈ కోతకు అందవు. మా కొండమీది పానకాలస్వామి బిందెడు పానకంలో సగం తాగి సగం వదులుతాడు. కంపెనీ సగం తాగాక, వదిలిన సగంలోంచి ఇంకో వెయ్యి తీసుకుంటుంది. బంపరు మూడు వేలనుకోండి. తరుగుదల పోను పదిహేను వందలు, మనం భరించి తీరాల్సిన వెయ్యి పోను చేతికొచ్చేది ఐదు వందలు. మజూరీ పూర్తిగా ఇస్తారు, నిజమే. కానీ ఐదేళ్లుగా కూడబెట్టిన 50 శాతం నో క్లెయిమ్ బోనస్ ఆ ఒక్క బంపరుతో సున్నా. ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్ డోరు వెతుక్కున్నవాడే సుఖి.

‘ఒరుల బీమ’ తప్పించుకోరానిది. 1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ అది లేకుండా రోడ్డెక్కనివ్వదు. వెయ్యి సీసీ లోపు కారుకు 2022 జూన్‌లో అమలుకొచ్చిన రేటు 2,094 రూపాయలు, జీఎస్టీ వేరు. ఆల్టో ముసలిదని ఇందులో రాయితీ లేదు. గుద్దుకునే మనిషికి బండి వయసుతో పనేముంది?

ఆక్షేపం: మరి 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో కార్లు మునిగిన మాటేమిటి? ఇంజిన్‌లో బురద చేరితే థర్డ్ పార్టీ రూపాయి రాల్చదు. ఫుల్ ఉన్నవాడికి, రిపేరు ఖర్చు ఐడీవీలో (పాలసీలో రాసిన బండి విలువలో) 75 శాతం దాటితే మొత్తం నష్టం కిందే లెక్క. డెబ్బై వేల బండికి 52,500 దాటితే చాలు, సామానుకో సగం అన్న కోత అక్కడ ఉండదు. విలువ పడిపోయిన బండికి కలిసొచ్చే చోటు ఇదొక్కటే.

సమాధానం: ఏజెంటు లెక్కలో సొంత డ్యామేజీకి అయ్యే తేడా ఏడాదికి 2,300. ముప్పై ఏళ్లకోసారి బండి మునిగే చోట అది సరికి సరి. బుడమేరు పక్కన ఇల్లున్నవాడు నిస్సంకోచంగా ఫుల్ కట్టాలి. కవి కాపురం కొండ పక్కన. అందుకే అంత ధీమా.

పాఠాంతరం: మామగారు కళ్లజోడు లేకుండా చదివి, చివరి మాటను ‘వలయు’ అన్నారు. గణం చెడలేదు గానీ అర్థం అడ్డం తిరిగింది. చాలంటూనే ఇంకోటి కావాలంటుందేమిటని బావమరిది గొణిగాడు. నాకు మాత్రం ఈ పాఠమే నచ్చింది. ఒరుల బీమా ఒరులకే. స్టీరింగు పట్టిన యజమానికి ఏమన్నా అయితే అందులోంచి ఏమీ రాదు. ఆ ‘ఒండు’ పదిహేను లక్షల ప్రమాద బీమా.

రెండూ కలిపి మామగారు ఆ సాయంత్రమే ఫోన్‌లో కట్టేశారు. ఎడమ డోరు మీది గీతకు అత్తగారు నరసింహస్వామి స్టిక్కరు అంటించారు.