6265కు టీకా తాత్పర్యం

మూలం: 6265.

అవతారిక: మా బావగారు అమెరికా నుంచి వేసవికి వచ్చారు. మామిడిపళ్ల గంప ముందు కూర్చుని జేబులోంచి మఖమలు సంచీ, సంచీలోంచి ఒక మడతకత్తి తీసి, "దీని సంగతి తెలుసా నీకు?" అన్నారు. తెలియదన్నాను. ఈ వ్యాఖ్యానానికి ఆ తొందరపాటే కారణం.

ప్రతిపదార్థం: 6 = ఎముకపిడి గలదియు, 2 = రెండు అలుగులు గలదియు, 65 = ఫోల్డింగ్ హంటర్ అను అచ్చునకు చెందినదియు (అగు కత్తి అని శేషము). కత్తి యనగా నేమి? సుగమము. వేట యనగా నేమి? ప్రకృతమున అప్రస్తుతము.

విశేషాలు: ఇది 1905 నుంచి పెన్సిల్వేనియాలోని బ్రాడ్‌ఫర్డ్‌లో కత్తులు చేస్తున్న కేస్ కంపెనీ వారి సూత్రం. అర్ధమాత్ర మిగిలితే కొడుకు పుట్టినంత సంబరపడే వైయాకరణులు చూసి ఉంటే ముచ్చటపడేవారు.

ఇక అలంకారం. పశువు కాలి ఎముకను పలకలుగా కోసి, దుప్పికొమ్ములా గరుకుగా కనిపించేట్టు గాట్లు పెట్టి, రంగు వేస్తారు. నేను చూసి కొమ్మే అనుకున్నాను. కనుక నా మట్టుకు ఇది భ్రాంతిమంతం. "ఎముక కాదు, కొమ్మే" అని కంపెనీ బుకాయిస్తే అపహ్నుతి అయ్యేది. కానీ నిజం కొమ్ముకు 5, ఎముకకు 6 అని వాళ్లే అంకె వేసి ఒప్పుకున్నారు. పోనీ ఉత్ప్రేక్ష అందామా అంటే, సేకర్తలు దీన్ని 'బోన్ స్టాగ్' అంటారు. ముఖచంద్రుడిలాగా ఎముకకొమ్ము! అభేదం చెప్పేశారు కనుక రూపకమే. అయితే ముఖాన్ని చంద్రుడన్న కవి ముఖానికి గాట్లు పెట్టలేదే అని పూర్వపక్షం. దానికి సమాధానం నాకింకా తట్టలేదు. అనవసరమైనది చెప్పనని మాట ఇచ్చి వ్యాఖ్యానం మొదలుపెట్టినవారు మల్లినాథసూరి. నేనలాంటి మాట ఎవరికీ ఇవ్వలేదు.

అలుగు మొదట్లో కంపెనీ పేరు పక్కన 'ఎక్స్ ఎక్స్' అని ఉంది. రెండుసార్లు కాచి పదునెక్కించారని అర్థమట. ఆమ్రేడితం.

'యు.ఎస్.ఎ.' అని మాత్రం లేదు. బావగారి ఆనందమంతా అక్కడే. 1965లో ఆ మూడక్షరాలు చేర్చారు. 1970లో పది చుక్కలు చేర్చి, ఏడాదికొకటి చొప్పున తీసేస్తూ వచ్చారు. దీని మీద అక్షరాలూ లేవు, చుక్కలూ లేవు, కనుక అంతకు ముందుది. లేకపోవడాన్ని బట్టి తెలుసుకోవడం అనుపలబ్ధి, భాట్టమీమాంసకుల ఆరో ప్రమాణం. వాళ్లు నేల మీద కుండ లేదని తేల్చడానికి వాడిన దానితో బావగారు ధర తేల్చారు. ఆ ధర విని మా అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది.

"సరే, ఓ పండు కొయ్యండి బావగారూ" అన్నాను.

ఉలిక్కిపడ్డారు. మామిడి రసం తగిలితే అలుగు నల్లబడుతుందట! మరి జింక నెత్తురు తగిలితే? తగల్లేదట. ఇంతవరకూ ఏమీ తగల్లేదట. పదును పెట్టిన గీతైనా లేదు గనుకే అంత ఖరీదు. అయిదుంబావు అంగుళాల వేటకత్తి, ఒక అలుగు ముక్కు వంపు తీర్చినది, రెండోది తోలు ఒలవడానికి పొట్ట ఉబ్బినది. దాన్ని రెండుసార్లు కొలిమిలో కాచిన పనివాడు అది అరవై ఏళ్లకు పైగా మఖమల్లో పడుకోవాలనా కాచింది? కనీసం ఒక తాడు తెంపొచ్చు కదా. ఈ ఇంట్లోనే కవరు చింపడానికి నేను పళ్లు వాడుతున్నాను.

అక్క వచ్చి మాట్లాడకుండా కత్తిపీట వాల్చుకుంది. దాని మీద ఏ అక్షరమూ లేదు. అనుపలబ్ధిని బట్టి అమూల్యం కావాలి.

తాత్పర్యం: బంగినపల్లి తియ్యగా ఉంది.

బావగారు నాలుగు ముక్కలు తిని, చెయ్యి కడుక్కుని, తుడుచుకుని వచ్చి మళ్లీ సంచీ విప్పారు. రెండో అలుగు సంగతి ఇంకా చెప్పలేదట.