‘వేయి పాటలంప’ పద్యానికి తిరుపతి టీక

అవతారిక. ఎంపీత్రీ ప్లేయరులోకి పాటలెక్కిస్తే కొన్ని ఎక్కి కొన్ని ఎక్కకపోవడం ఈ పద్యానికి వస్తువు. రసం కరుణమని కొందరు, రౌద్రమని కొందరు. తిరుపతిలో సంస్కృత విశ్వవిద్యాలయం ఉంది, మెమరీ కార్డుల్లో పాటలెక్కించే అంగళ్లూ ఉన్నాయి. ఇలాంటి పద్యానికి వ్యాఖ్య పుడితే ఇక్కడే పుట్టాలి. ఆధారం లేనిది రాయనని మాటిచ్చి మరీ రాసిన మల్లినాథసూరికి మొక్కి మొదలుపెడుతున్నాను.

మూలం.

వేయి పాటలంప వే రెండు వందలే
యెక్కెనేని మిగత యెచటి కేఁగె?
తీఁగ దులిపి చూడు ధీమంత! పేరును
కుదియఁజేసి పిదపఁ గూర్చు సంచి.

టీక. వేయి పాటలు = పది వందల పాటలను; అంపన్ = కంప్యూటరు నుంచి పంపగా; వే = వేగంగా; రెండు వందలే = అన్ని మాత్రమే; ఎక్కెనేని = ఎక్కినట్లయితే; మిగత = తక్కిన ఎనిమిది వందలు; ఎచటికిన్ ఏఁగెన్ = ఎక్కడికి పోయాయి; ధీమంత = ఓ తెలివిగలవాడా (ఇది ఎత్తిపొడుపు); తీఁగ = కేబులును; దులిపి చూడు = దుమ్ము దులిపి మళ్లీ గుచ్చి చూడు; పేరును = ఫైలు పేరును; కుదియఁజేసి = పొట్టిది చేసి; పిదపన్ = ఆ మీదట; సంచిన్ = ఫోల్డరులో; కూర్చు = చేర్చుము.

వ్యాఖ్య. ‘వేయి’: ఈ సంఖ్య కవి ఊరికే వేయలేదు. 2001 అక్టోబరు 23న ఆపిల్ వాళ్లు మొదటి ఐపాడ్‌ను చూపించి, జేబులో వెయ్యి పాటలన్నారు. అందులో ఉన్న చోటు 5 జీబీ. 2022 మేలో ఐపాడ్‌కు మంగళం పాడేశారు గానీ వెయ్యి మీద ఆశ మాత్రం జనానికి తీరలేదు.

‘వే’: పాదపూరణమని కొట్టిపారేసేవాళ్లున్నారు. తప్పు. అనుమానించాల్సింది ఆ వేగాన్నే. తెర మీద గీత నిండిపోయి ‘అయింది’ అన్న తర్వాత కూడా కంప్యూటరు లోలోపల రాస్తూనే ఉండొచ్చు. సేఫ్‌గా తీయమన్న మీట నొక్కకుండా లాగేస్తే చివరి పాటలు పల్లవితోనే సరి.

‘రెండు వందలే’: పద్యానికి ప్రాణం ఇక్కడుంది. పూర్వపక్షం అంగడివాడిది. “ఏం నా, సగం గూడా ఎక్కలేదే?” అంటే “కార్డు నిండిపోయింది సామీ, ఇంకోటి తీసుకో” అంటాడు. పరీక్షిద్దాం. 2 జీబీ కార్డు. మామూలు నాణ్యతలో నాలుగు నిమిషాల పాట సుమారు 4 ఎంబీ. చోటు చాలకపోతే ఐదు వందల దగ్గర ఆగాలి. రెండు వందల దగ్గరే ఆగిందేం? సగానికి పైగా చోటు ఖాళీగా ఉండగా నిండిందనడం ఏ శాస్త్రం?

సిద్ధాంతం. నిండింది కార్డు కాదు, పట్టిక. 2 జీబీ దాకా ఉన్న కార్డులకు సాధారణంగా వాడే ఫ్యాట్ 16 పద్ధతిలో, ఏ ఫోల్డరూ లేకుండా నేరుగా పడేసిన ఫైళ్ల పేర్లు రాసుకోవడానికి 512 వరుసలే ఉంటాయి. పాటకు ఒక వరుస అనుకుంటే ఐదు వందలు పట్టాలి. కానీ పేరు పొడుగైతే అసలు వరుస కాక, ప్రతి 13 అక్షరాలకూ ఇంకో వరుస తింటుంది. చివరి చుక్క, ఎంపీత్రీ కూడా ఆ లెక్కలోవే. 13 లోపు పేరుకు రెండు వరుసలు, 26 దాకా మూడు. మొదటి రకమైతే 250 పాటల పైచిలుకు, రెండో రకమైతే 170. కవి చెప్పిన రెండు వందలు ఈ రెంటి నడుమ పడ్డాయి చూడండి. లెక్క తెలిసిన కవి.

తెలుగు పేర్ల సంగతి మరీ అన్యాయం. ‘కీర్తన’ మనకు మూడక్షరాలు. యంత్రం క, గుడిదీర్ఘం, ర, పొల్లు, త, న అని విడగొట్టి ఆరు లెక్కేస్తుంది. పల్లవి మొత్తం ఫైలు పేరుగా పెట్టే భక్తులకు ఒక్కో పాటకు ఐదు వరుసలు పోతాయి. నూరు దాటగానే యంత్రం మొండికేస్తుంది. ఇంగ్లీషు పాటలవాడు సుఖపడతాడు.

‘సంచి’: అందుకే ఈ మాట. 512 కట్టడి పైమెట్టుకే, లోపలి ఫోల్డరుకు లేదు. ఒక్క ఫోల్డరు చేసి అందులో వేస్తే మిగిలిన పాటలూ ఎక్కుతాయి, చోటున్నంత వరకు. ఫ్యాట్ 32లో ఈ పట్టిక గొడవే లేదు. అయినా కొన్ని ప్లేయర్లు, కారు స్టీరియోలు ఒక ఫోల్డరులో ఇన్నేనని తమ సొంత హద్దు పెట్టుకుంటాయి కనుక, సంచులు నాలుగైదు చేసుకోవడం మేలు.

‘పేరును’: పొడుగే కాదు, గుర్తులూ దోషమే. ప్రశ్నార్థకం, నక్షత్రం, రెండు చుక్కలు ఉన్న పేర్లను ఫ్యాట్ ఒప్పుకోదు. మ్యాక్‌లోనో లినక్స్‌లోనో అలా పేరు పెట్టిన ఫైలు ప్లేయరు గుమ్మం దగ్గరే ఆగిపోవచ్చు.

‘తీఁగ దులిపి’: చిత్తూరు ప్రతిలో ‘తీఁగ మార్చి’ అని పాఠాంతరం. గణభంగం లేదు, అర్థంలో అదే మెరుగు. అసలు ఒక్క పాటా ఎక్కకపోతే తప్పు కేబులుదే కావచ్చు. చార్జింగుకు మాత్రమే చేసిన కేబులులో కరెంటు తీగలుంటాయి గానీ పాట మోసే తీగలుండవు. దాన్ని ఎంత దులిపితే మాత్రం ఏం లాభం?

‘మిగత యెచటి కేఁగె’: ఈ ప్రశ్న ఈ కొండ కింద కొత్తది కాదు. అన్నమయ్య (1408–1503) 32,000 సంకీర్తనలు చెప్పాడని మనవడు చిన్నన్న ద్విపదలో రాసుకున్నాడు. రాగిరేకుల మీద మనదాకా వచ్చినవి అందులో సగం కూడా లేవు. వచ్చినవాటికైనా రేకు మీద సాహిత్యం, రాగం పేరు చెక్కారు, స్వరం చెక్కలేదు. ఇప్పటి మాటల్లో ట్యాగు వచ్చింది, ధ్వని రాలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు ఎన్నో కీర్తనలకు స్వరం కట్టారు. 2025 మార్చిలో కన్నుమూసిన గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వందల కీర్తనలకు బాణీలు కట్టి పాడారు. ఈ రకం లోపం కార్డుల్లోనూ ఉంది. నకిలీ కార్డు మీద 64 జీబీ అని అచ్చేసి, లోపల 8 పెడతారు. జాబితాలో పేర్లన్నీ కనిపిస్తాయి, నొక్కితే చప్పుడుండదు. నా మట్టుకు, ఎక్కనని మొహాన చెప్పే కార్డే దీనికన్నా నిజాయితీగలది.

తాత్పర్యం. ఓ తెలివిగలవాడా, పాటలన్నీ ఎక్కకపోతే వెంటనే కొత్త కార్డు కొనకు. ముందు కేబులు మార్చు, పేర్లు కురచ చెయ్యి, ఫోల్డరులో పెట్టు అని భావం.

విజ్ఞప్తి. పాఠకులు ఎక్కిన పాటల సంఖ్యను కంప్యూటరులో ఉన్న సంఖ్యతో సరిచూసుకోవాలి. ఆఖరి పాటను ఆఖరి చరణం దాకా విన్న తర్వాతే కంప్యూటరులో ఉన్నది తుడిచేయాలి.