పాచి పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

తిరుపతిలో ఒకానొక అక్వేరియం దుకాణంవాడు సముద్రపు ఉప్పు పొట్లం అమ్మి, ఆ బిల్లు వెనకాల రాసిచ్చాడని చెప్పుకునే ఆటవెలది ఇది. కవి పేరు తెలియదు. కాలం గురించి పండితుల్లో రెండు మతాలున్నాయి. ఉమ్మడి చిత్తూరు జిల్లాకు సముద్రం లేదు; 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడి, సూళ్లూరుపేట వైపు తీరం వచ్చి కలిశాకే ఇక్కడివాడు ‘ఉప్పు నీరు’ అని ధైర్యంగా అనగలడు గనుక పద్యం ఆ తర్వాతిదేనని ఒక మతం. మన ఇళ్లలోని తొట్లకు సముద్రం పులికాట్ నుంచి రాదు, చెన్నై కొళత్తూరు బజారు నుంచి పొట్లాల్లో వస్తుంది, కాబట్టి జిల్లా సరిహద్దులతో పని లేదని రెండో మతం. లీటరుకు సుమారు 35 గ్రాముల లెక్కన 200 లీటర్ల తొట్టికి ఏడు కిలోల సముద్రాన్ని బస్సులో మోసుకొచ్చినవారంతా రెండో మతస్థులే.

మూలం

పాచి పెరిగె ననుచు బలిమితో గీకకు
మేతఁ దగ్గఁ జేయు మేలు గలుగు
ఉప్పు నీటిలోన నోపికే మందురా
దీప మార్పుమయ్య దినము మూడు

ప్రతిపదార్థం

పాచి = గాజుకూ, రాళ్లకూ, పంపుకూ పట్టే పచ్చని, ఎర్రని, గోధుమరంగు పొర; పెరిగెన్ అనుచు = నిన్నటిదాకా లేదు, పొద్దున లేచేసరికి ఉంది అని ఇంట్లోవాళ్లతో బొంకుతూ; బలిమితోన్ = పాత ఏటీఎం కార్డుతో; గీకకు = గీకి, ఆ తుక్కును నీళ్లలోనే వదలకు; మేతన్ = చేపలు అడిగినట్టు కనిపించినప్పుడల్లా వేసే చిటికెడును; తగ్గన్ చేయు = రెండు నిమిషాల్లో తినేసేటంత మాత్రమే వేయి; ఉప్పు నీటిలోనన్ = ఖర్చు పెట్టి కొన్న సముద్రంలో; ఓపికే = ఉచితంగా దొరికేది అదొక్కటే గనుక అదే; మందురా = ఔషధము సుమా; దీపము = పగటిని మించిన వెలుగుగల ఎల్ఈడీని; మూడు దినములు ఆర్పుము = తొట్టికి దుప్పటి కప్పి చీకటి చేయుము; అయ్య = ఓ యజమానీ!

తాత్పర్యం

పాచి రోగం కాదు, నువ్వు వేసిన మేతకు తొట్టి ఇచ్చిన రసీదు. చేప తినగా మిగిలింది, తిని విసర్జించింది కలిసి నైట్రేటు, ఫాస్ఫేటు అవుతాయి. వాటికి వెలుగు తోడైతే పాచి మొలుస్తుంది. గీకితే రసీదు చిరుగుతుంది గానీ బాకీ తీరదు. కాబట్టి లోపలికి పోయేది తగ్గించు, ఉన్నదాన్ని కొంచెం కొంచెంగా బయటికి తియ్యి, వారాల పాటు వేచి ఉండు.

విశేషాలు

ఒకటి. ‘పాచి’ జాత్యేకవచనం. కొత్త తొట్టిలో ఇసుక మీద కమ్మే గోధుమరంగుది డయాటమ్. సిలికా అయిపోగానే దానంతటదే పోతుంది. రాళ్ల మీద జుట్టులా పెరిగే పచ్చది వేరు. పచ్చని ముత్యంలా ఉండే వలోనియా ఒక్కో గోళీ ఒక్కటే జీవకణం. దాన్ని చిదమకుండా ఊడదీసి బయట పారేయాలి. ఎర్రని జిగురు పొరగా పరుచుకునేది అసలు పాచే కాదు, సయనోబాక్టీరియా. కవి చెప్పిన మూడు దినాల చీకటి దీనికి బాగా పనిచేస్తుంది. జుట్టు పాచి దాన్ని అంతగా లెక్కచేయదు.

రెండు. ‘దీప మార్పుము’ అన్నచోట ‘దీపము ఆర్పుము’ అనేది సంప్రదాయ పాఠం. ‘దీపం మార్పుము’ అని విడదీసే శాఖ ఒకటుంది. ఆ శాఖవారందరూ లైట్లు అమ్ముతారు.

మూడు. మూడో పాదంలో ‘రా’ అన్నవాడు నాలుగో పాదంలో ‘అయ్య’ అనడమేమి? ఆ రెంటి మధ్య కొనుగోలుదారు డబ్బు కట్టాడని గ్రహించాలి.

నాలుగు. ఉప్పు కలపకముందు ఆ నీరెక్కడిదో కవి చెప్పలేదు. ఇది ధ్వని. మన బోరు నీటిలో ఉప్పుకంటే ముందే సున్నం, నైట్రేటు, సిలికా కలిసి ఉండవచ్చు. దానితో నీళ్లు మార్చినవాడు పాచికి భోజనం మార్చినట్టే. ఆర్ఓ పెట్టి, ఆపైన డీఐ రెసిన్ గుండా పంపి, టీడీఎస్ మీటరు సున్నా చూపాకే ఉప్పు కలపాలని పెద్దల మాట.

శంకా సమాధానాలు

శంక: “ఏమి సామీ, తిరుమల పుష్కరిణిని ఏటా బ్రహ్మోత్సవాల ముందర మూసేసి, నీళ్లన్నీ తోడి కడిగి మళ్లీ నింపుతారు గదా. నా తొట్టి కూడా అట్లే కడిగేస్తే పోతాది గదా?”

సమాధానం: పుష్కరిణి మెట్ల మీద పగడాలు లేవు. తొట్టిలో రాళ్లను అంటుకుని ఉన్న సూక్ష్మజీవులే అమోనియాను నైట్రేటుగా మార్చి చేపలను కాపాడుతున్నాయి. రాళ్లు తోమి ఆరబెడితే పాచికంటే ముందు అవి పోతాయి. వారానికి పదో వంతు నీరు మార్చితే చాలు.

శంక: “ఎరిత్రోమైసిన్ మాత్రేస్తే రెండు దినాల్లో పోతాదంట గదా?”

సమాధానం: ఎర్ర జిగురు బాక్టీరియా గనుక పోతుంది. చచ్చిన జిగురు కుళ్లుతూ నీటిలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది, మందు మేలు చేసే సూక్ష్మజీవులను కూడా వదలకపోవచ్చు. అన్నీ దాటినా మేత తగ్గకపోతే జిగురు మళ్లీ వస్తుంది.

శంక: “అట్లయితే నైట్రేటూ ఫాస్ఫేటూ రెండూ సున్నా చేసేస్తే పీడ పోతాది గదప్పా?”

సమాధానం: ఇక్కడే చాలామంది మునిగారు. రెండూ సున్నా అయితే పోటీదారులు చచ్చి, ఖాళీ అయిన చోటికి డైనోఫ్లాజెలేట్లు వస్తాయి. బుడగలు అంటుకున్న గోధుమరంగు తీగల్లా వేలాడతాయి, కొన్నింటిలో విషముంటుంది, వాటిని తిన్న నత్తలు చస్తాయి. అందుకే కవి ‘తగ్గఁజేయు’ అన్నాడు, ‘మానుము’ అనలేదు. పైగా పగడం ఒంట్లో కాపురముండి, వెలుగుతో వండి దానికి తిండి పెట్టే జూజాంథెల్లా కూడా డైనోఫ్లాజెలేటే. పాచి జాతిని సమూలంగా నిర్మూలించాలని ప్రతిజ్ఞ పట్టినవాడు ముందు పగడాన్నే పస్తు పెట్టాలి. స్మిత్సోనియన్ సంస్థలో వాల్టర్ ఏడీ ఈ సంగతినే తిరగేసి వాడుకున్నాడు: పక్కన ఒక జల్లెడ మీద కావాలని పాచి పెంచి, దాన్ని కోసి పారేస్తే అది పీల్చుకున్న ఫాస్ఫేటు కూడా దానితోపాటే బయటికి పోతుంది. పాచికి మందు పాచే.

అధికారి

ఈ శాస్త్రానికి అర్హుడెవరు? ఓపికా, కరెంటు బిల్లూ రెండూ భరించగలవాడు; 40 డిగ్రీలు దాటే తిరుపతి ఎండల్లో తనకు ఫ్యాన్ పెట్టుకుని తొట్టికి చిల్లర్ పెట్టేవాడు. రెండో అధికారి అటవీ శాఖవాడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులోకి 2001లో పగడాలు చేరాయి. మన సముద్రం నుంచి వాటిని తెంచి తెచ్చుకుంటే ఈ రెండో అధికారి తాత్పర్యం చెప్పడానికి ఇంటికే వస్తాడు. హేచరీలో పుట్టిన క్లౌన్ చేపలతో తృప్తిపడేవాడే ఉత్తమాధికారి.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని మేత వేయకముందు చదివినవారికి పాచి తగ్గును. మేత వేశాక చదివినవారికి వ్యాకరణం వచ్చును.